ఉత్తరపు చలి మీద మూడు పాదాల నవ్వు: హైకూనా, సెన్‌ర్యూనా?

మైనస్ నలభై—
సెల్సియస్, ఫారన్‌హీట్‌ల
గొడవ తీరింది

అలాస్కాలోనూ, కెనడాలోని యూకాన్‌లోనూ, నార్వే, ఫిన్లాండ్‌ల ఉత్తర కొసనూ గడిచే బతుకు గురించి, అక్కడి ప్రయాణాల గురించి ఇలాంటి మూడు పాదాల చమత్కారాలు విరివిగా కనిపిస్తున్నాయి. రాసినవారు వీటిని హైకూలంటారు. జపాను కవిత్వంతో పరిచయం ఉన్న పాఠకులు అంగీకరించరు. ఇవి సెన్‌ర్యూలని కొందరు, రెండూ కావని మరికొందరు అంటారు. 2024 మే నెలలో వచ్చిన సౌర తుఫాను, ధ్రువాల దగ్గరి ఆకాశంలో కనిపించే అరోరా వెలుగులను లడఖ్‌లోని హాన్లే దాకా తెచ్చింది. ఆ తర్వాత ఉత్తర దేశాల మీద మన పాఠకులకు ఆసక్తి కలిగింది కనుక, ఈ చిన్న కవితల చుట్టూ ఉన్న గందరగోళాన్ని మొదటి నుంచి విడదీసి చూడటం అవసరం. జపాను కవులు బషో, ఇస్సాల కవితలకు చేసిన తెలుగు సేతలు తప్ప ఇందులోని ఉదాహరణలన్నీ ఈ వ్యాసం కోసం రాసినవే.

మూడు పేర్లు, మూడు కొలతలు

హైకూ 5-7-5 చొప్పున మొత్తం 17 ధ్వని మాత్రల కవిత అని అందరూ చెబుతారు. ఇది నిజమే కానీ సగమే. సంప్రదాయ హైకూకు మరో రెండు అంగాలున్నాయి. ఒకటి కిగో, అంటే ఋతువును సూచించే మాట. కప్ప అంటే వసంతం, దోమ అంటే వేసవి, మంచు అంటే చలికాలం. ఇలాంటి మాటలను ఋతువుల వారీగా పేర్చి, ఉదాహరణలతో ఇచ్చే నిఘంటువులను సైజికి అంటారు. రెండోది కిరేజి, అంటే కవితను ఒకచోట తెంపి, రెండు దృశ్యాల మధ్య పాఠకుణ్ణి ఒక్క క్షణం నిలబెట్టే పదం. తెలుగులో దానికి సరిసమానమైన పదం లేదు కనుక సాధారణంగా ఒక గీతతోనో, విరామంతోనో ఆ పని జరిపిస్తారు.

సెన్‌ర్యూ కొలత కూడా 5-7-5 మాత్రలే. అయితే దానికి కిగో అక్కరలేదు, కిరేజి అక్కరలేదు. మనుషుల బలహీనతలు, గొప్పలు, ఇంటి తగవులు, ఉద్యోగపు ఇక్కట్లు దాని సరుకు. ఎదో (నేటి టోక్యో) నగరంలో పద్యపూరణ పోటీలకు న్యాయనిర్ణేతగా ఉన్న కరాయి సెన్‌ర్యూ (1718–1790) ఎంపిక చేసిన పద్యాలు 1765 నుంచి సంకలనాలుగా రావడంతో, ఆయన పేరే ఆ ప్రక్రియకు స్థిరపడింది. జపానులో ఇది నేటికీ జనం రాసుకునే ప్రక్రియ. ఒక జీవిత బీమా సంస్థ 1987లో మొదలుపెట్టిన ఉద్యోగుల సెన్‌ర్యూ పోటీ దేశమంతటా పేరు పొందింది.

మూడో పేరు జప్పాయ్. జపానులో ఇది రకరకాల వినోద పద్యాలన్నిటికీ కలిపి వాడే మాట. ఇంగ్లీషు హైకూ విమర్శకుల్లో కొందరు దీన్ని, కొలత తప్ప హైకూ లక్షణమేదీ లేని చమత్కారాలకు కాస్త చిన్నచూపుతో వాడతారు. జపానులో జప్పాయ్‌కి తనదైన చరిత్ర, గౌరవం ఉన్నాయనీ, దాన్ని తిట్టుగా మార్చడం అన్యాయమనీ వాదించే పండితులూ ఉన్నారు. ఈ అభ్యంతరం సబబైనదే. ఒక ప్రక్రియను మరో ప్రక్రియకు చెత్తబుట్టగా వాడటం వల్ల రెండూ అర్థం కావు.

ఈ కొలతలతో చూస్తే పైన ఇచ్చిన ‘మైనస్ నలభై’ ఎక్కడ నిలుస్తుంది? రెండు ఉష్ణోగ్రతా మానాలూ సరిగ్గా మైనస్ 40 దగ్గర ఒకే అంకె చూపిస్తాయన్నది వాస్తవం; కవిత ఆ వాస్తవం మీద ఆడిన మాట. అంత చలి చలికాలంలోనే ఉంటుంది కనుక ఋతువు ఉందనవచ్చు. కాని చూసినదేదీ లేదు, తాకినదేదీ లేదు. చలి ఎవరి చెవికీ తగలలేదు. అందువల్ల దీన్ని చమత్కార సూక్తి అనడం న్యాయం. హైకూ అనడానికి దృశ్యం చాలదు, సెన్‌ర్యూ అనడానికి ఇందులో మనిషి లేడు.

నవ్వు హైకూకు పుట్టింటి సొమ్ము

హైకూ గంభీరమైనది, నవ్వు దానికి పరాయిది అన్న అభిప్రాయం చాలామందిలో ఉంది. చరిత్ర ఇందుకు ఎదురుగా ఉంది. పలువురు కవులు కూర్చుని వరసగా అల్లే గొలుసు కవిత్వం రెంగా. అందులో దర్బారు మర్యాదలు పాటించేది ఒక పాయ. వాటిని పక్కనపెట్టి వాడుక మాటలతో, హాస్యంతో సాగేది హైకాయ్ అనే మరో పాయ. హైకాయ్ గొలుసులోని మొదటి పద్యాన్ని హొక్కు అంటారు. ఆ హొక్కును గొలుసు నుంచి విడదీసి, దానికి హైకూ అన్న పేరు స్థిరపరచినవాడు 19వ శతాబ్ది చివరి దశాబ్దంలో మసావొక షికి (1867–1902). అంటే హైకూ వంశవృక్షం వేళ్ళు హాస్యంలోనే ఉన్నాయి.

మన విషయానికి అతి దగ్గరి ఉదాహరణ మత్సువొ బషో (1644–1694). ఆయన 1689 వసంతంలో శిష్యుడు సోరాను వెంటబెట్టుకుని ఎదో నుంచి ఉత్తరానికి కాలినడకన బయలుదేరాడు. సుమారు అయిదు నెలల పాటు దాదాపు 2400 కిలోమీటర్లు సాగిన ఆ యాత్రలో ఆయన చేరిన ఉత్తరపు కొస కిసకత అనే తీరగ్రామం. అది 39వ అక్షాంశం దగ్గర ఉంది. ఇప్పటి లెక్కలో శ్రీనగర్ కన్నా అయిదు డిగ్రీలు మాత్రమే పైన. అయినా ఆనాటి రాజధానివాసులకు అది దేశపు లోలోపలి కొస, తిరిగి వస్తామో రామో తెలియని చోటు. ఉత్తరం అన్నది అక్షాంశం మీద కన్నా బయలుదేరిన ఊరి మీద ఎక్కువగా ఆధారపడిన ఊహ అని ఇక్కడే తెలుస్తుంది.

ఆ యాత్ర మీద ఆయన రాసిన గ్రంథం మొదట్లోనే ప్రయాణపు హాస్యం ఉంది. వీడ్కోలు చెప్పడానికి వచ్చిన మిత్రులు ఇచ్చిన కానుకలను కాదనలేక, పారేయలేక, బక్క భుజాల మీద మోస్తూ బషో మొదటి రోజే అలసిపోతాడు. విమానాశ్రయంలో సామాను తూకం దగ్గర పచ్చడి సీసాలు తీయలేక నిలబడే మన ప్రయాణికులకు ఇది చెప్పకుండానే అర్థమవుతుంది. మరికొన్ని వారాలకు షితొమయె అనే సరిహద్దు దాటాక, గాలివాన వల్ల కొండల్లో ఒక కాపలాదారు ఇంట్లో మూడు రోజులు ఇరుక్కుపోయి ఆయన రాసిన పద్యం ఇది:

పురుగులు, పేలు—
తలాపున గుర్రం
ఉచ్చ పోస్తోంది

ఆ ప్రాంతంలో గుర్రాలను మనుషులుండే కప్పు కిందనే కట్టేవారు కనుక ఇది కల్పించుకున్న వికారం కాదు. మూలంలో మొదటి మాట నోమి. అది పరుపుల్లో గెంతుతూ కుట్టే చిన్న పురుగు. సైజికిలో అది వేసవి మాట. అంటే ఈ పద్యానికి ఋతుపదం చెర్రీ పువ్వో, చందమామో కాదు, కవిని నిద్రపోనివ్వని పురుగే. నియమమంతా పాటించిన నిఖార్సయిన హైకూ ఇది, పాఠకుడు నవ్వకుండా ఉండలేని పద్యమూ ఇదే. ఇందులో బషో తన అవస్థను ఒక్క విశేషణంతోనైనా చెప్పుకోలేదు. ‘నాకు నిద్ర పట్టలేదు’ అని ఉంటే నవ్వు సగం తగ్గేది. పురుగు, పేను, గుర్రం తమ తమ పనులు చేసుకుంటున్నాయి. ఆ ఇంట్లో పని లేనివాడు, చోటు లేనివాడు అతిథి ఒక్కడే.

మరో ఉదాహరణ కొబయాషి ఇస్సా (1763–1828). ఆస్తి తగాదాలతో ఏళ్ళ తరబడి బయట తిరిగి, 1812 చలికాలంలో తన సొంత ఊరైన కషివబరకు వచ్చి స్థిరపడుతూ ఆయన రాశాడు:

ఇదేనా చివరికి
నేను ఉండబోయే ఇల్లు?
ఐదడుగుల మంచు

మూలంలో ‘సరే, ఇదేనన్నమాట’ అన్న ధ్వనినిచ్చే ఒక ఊతమాట ఉంది. నిట్టూర్పు, నవ్వు రెండూ అందులోనే కలిసి వినిపిస్తాయి. ‘మనుషుల మీద రాస్తే సెన్‌ర్యూ, ప్రకృతి మీద రాస్తే హైకూ’ అనే సులువైన విభజనను పట్టుకుంటే, ఇస్సా కవితల్లో గణనీయమైన భాగాన్ని హైకూ నుంచి తొలగించవలసి వస్తుంది. అందుకు ఎవరూ సిద్ధంగా లేరు.

ఋతువుల పట్టిక ఒక ఊరిది, మంచు మరో ఊరిది

ఋతుపదాల వ్యవస్థ ప్రధానంగా కియోటో, ఎదో ప్రాంతాల వాతావరణం చూసి ఏర్పడింది. సంప్రదాయ పట్టికలో వసంతం ఫిబ్రవరి 4 ప్రాంతంలోనూ, వేసవి మే 5 లేదా 6 ప్రాంతంలోనూ మొదలవుతాయి. జపాను ఉత్తర ద్వీపమైన హొక్కయిదోలో ఈ పట్టిక నిలవదు. అక్కడి సప్పొరో నగరంలో 1950 నుంచి ఏటా జరిగే మంచు ఉత్సవం ఫిబ్రవరి మొదట్లోనే వస్తుంది. కవుల పట్టిక ‘వసంతం వచ్చింది’ అంటున్న రోజుల్లో జనం మంచుతో ఏనుగంత శిల్పాలు కట్టుకుంటూ ఉంటారు. చెర్రీ పూలు అక్కడ సాధారణంగా మే మొదట్లో పూస్తాయి. అంటే పట్టిక ప్రకారం వసంతం ముగిసిపోయి, వేసవి గుమ్మంలో ఉన్నప్పుడు. దక్షిణ కొసన ఒకినవాలో ఇందుకు విరుద్ధంగా జనవరిలోనే ఒక రకం చెర్రీ పూస్తుంది.

ఇక్కడి కవి ఏం చేయాలి? పట్టిక సాహిత్య సంకేతమే తప్ప వాతావరణ సూచన కాదని, ‘చెర్రీ’ అనగానే వెయ్యేళ్ళ కవిత్వం గుర్తుకు రావాలంటే ఆ మాటను దాని స్థానంలోనే ఉంచాలని ఒక పక్షం చెబుతుంది. కంటి ముందున్న దాన్ని కాదని పట్టికను నమ్మడం హైకూ మూలసూత్రానికే వ్యతిరేకమని, ప్రాంతాల వారీగా సైజికిలు తయారుచేసుకోవాలని మరో పక్షం అంటుంది. రెండు వాదాల్లోనూ బలముంది. మనకు కూడా వసంతమంటే చైత్రం, కోయిల, మామిడి చిగురు అన్న సంకేతం ఉంది. దాన్ని వదులుకుంటే పాత కవిత్వంతో బంధం తెగుతుంది. కాని హాస్యానికి మాత్రం మూడో దారి ఒకటి తెరుచుకుంటుంది: పట్టికకూ కంటికీ మధ్య ఉన్న ఎడాన్నే కవితగా మలచడం. చలిదేశంలో ఉన్న తెలుగు కుటుంబాన్ని ఊహించి రాసిన ఈ కవిత చూడండి.

ఉగాది ఉదయం—
మామిడికాయ కన్నా ముందు
పార వెతికారు

ఉగాది అనే మాట మనకు బలమైన ఋతుపదం. మార్చి చివరో, ఏప్రిల్ మొదలో వచ్చే ఆ రోజున అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్ వంటి ఊళ్ళో నేల మీద మంచు ఇంకా ఉంటుంది. ‘పార’ అన్న ఒక్క మాట వల్ల వసంతం చలికాలంగా మారిపోతుంది. ఈ కవితలో మనిషి ఉన్నాడు కనుక సెన్‌ర్యూ అనవచ్చు; ఋతువే ఇందులో ప్రధాన పాత్ర కనుక హైకూ అనవచ్చు. నా అభిప్రాయంలో ఉత్తరపు హాస్య హైకూకు ప్రాణం ఇక్కడే ఉంది. సమశీతోష్ణ దేశాల్లో ప్రకృతి తోటలోనూ, మనిషి ఇంట్లోనూ ఉంటారు కాబట్టి ఆ రెంటి మధ్య గోడ కట్టడం సాధ్యమైంది. 64వ అక్షాంశం దాటాక ప్రకృతి తాళంచెవి కన్నంలోనూ, కారు ఇంజనులోనూ, మరుగుదొడ్డి పలక మీదా ఉంటుంది. ఋతువు గురించి రాస్తే ఇంటి గురించి రాసినట్టే అవుతుంది. హైకూ, సెన్‌ర్యూల మధ్య గోడ అక్కడ నిలవకపోవడానికి కారణం ఇదే.

అలాస్కాకు తనదైన ఋతుపదాలు

ఈ మాటకు ఆధారం ఆ ప్రాంతపు దైనందిన జీవితమే. ఫెయిర్‌బ్యాంక్స్ వాసులు సంవత్సరాన్ని ‘ఫ్రీజప్’, ‘బ్రేకప్’ అనే రెండు మలుపులతో కొలుస్తారు. నదులు గడ్డకట్టడం ఒకటి, ఆ మంచు పగిలి కదలడం మరొకటి. బ్రేకప్ రోజును ఊహించడం మీద అక్కడ ఒక పందెమే ఉంది. తనానా నది ఒడ్డున ఉన్న నెనానా ఊళ్ళో, గడ్డకట్టిన నది మీద కర్రలతో కట్టిన ముక్కాలి దిమ్మెను నిలిపి, దాన్ని ఒడ్డునున్న గడియారానికి తాడుతో కలుపుతారు. మంచు కదిలి దిమ్మె జరిగినప్పుడు గడియారం ఆగిపోతుంది. ఆ నిమిషానికి దగ్గరగా ఊహించినవారికి బహుమతి. 1917లో రైలుమార్గపు పనివాళ్ళు మొదలుపెట్టిన ఈ పందెం తేదీలను నేడు వాతావరణ మార్పుపై పరిశోధన చేసేవారు విలువైన రికార్డుగా వాడుతున్నారు. ఇప్పటివరకు అన్నిటికన్నా ముందుగా మంచు కదిలినది 2019 ఏప్రిల్ 14న. అన్నిటికన్నా ఆలస్యంగా కదిలినది మే 20న. ఒక ప్రాంతపు సైజికికి మొదటి పుట ఏదని అడిగితే దీన్ని మించినది దొరకదు.

నది కదలలేదు—
పందెం ఓడిన తాత
మంచును తిడుతున్నాడు

ఇలాంటి ఋతుపదాలు అక్కడ అడుగడుగునా ఉన్నాయి. చలికాలంలో కార్ల ముందు భాగం నుంచి ఒక కరెంటు తాడు వేలాడుతూ ఉంటుంది. ఇంజను గడ్డకట్టకుండా వేడిచేసే పరికరానికి దాన్ని ఆపినచోటల్లా తగిలిస్తారు. నేల లోపల ఏడాది పొడవునా కరగని మంచు ఉండటం వల్లా, నీటి గొట్టాల ఖర్చు వల్లా, కుళాయి లేని చెక్క ఇళ్ళు అక్కడ మామూలు. వాటిలో ఉండేవారు డబ్బాలతో నీళ్ళు తెచ్చుకుంటారు, బట్టలుతికే దుకాణంలో డబ్బు చెల్లించి స్నానం చేస్తారు. పెరట్లోని మరుగుదొడ్డిలో కూర్చునే పలకను గోడలకు వాడే నీలి రంగు నురుగు అట్టతో చేసుకుంటారు. చెక్కలా, ప్లాస్టిక్‌లా అది ఒంటి వేడిని లాగేయదు. వేసవిలో ఇంకో తంటా. జూన్ మూడో వారంలో సూర్యుడు అర్ధరాత్రి దాటాకగానీ అస్తమించడు. ఆ తర్వాత కూడా చీకటి పడదు. 1906 నుంచి అక్కడ వేసవి అయనాంతపు రాత్రి పది దాటాక మొదలయ్యే బేస్‌బాల్ ఆటను విద్యుద్దీపాలు లేకుండానే ఆడుతున్నారు. నిద్ర కోసం కిటికీలకు వంటింటి వెండిరేకు అంటించుకోవడం సర్వసాధారణం.

ప్రయాణం సంగతి చెప్పనక్కరలేదు. ఆర్కిటిక్ సముద్రతీరపు చమురు బావుల వైపు సాగే డాల్టన్ హైవే 1974లో వేసిన 666 కిలోమీటర్ల రోడ్డు. చాలా భాగం కంకరే. కోల్డ్‌ఫుట్ అనే మజిలీ దాటితే చివరనున్న డెడ్‌హార్స్ వరకు సుమారు 385 కిలోమీటర్ల పాటు పెట్రోలు దొరకదు.

బంకుకు ఇంకా
మూడువందల ఎనభై—
బొంతకాకి వెనుదిరిగింది

బొంతకాకి ఫెయిర్‌బ్యాంక్స్ చలిని తట్టుకుని ఏడాదంతా ఉండే పక్షి. ఆ పక్షే వెనక్కి మళ్ళిందన్నది ఇక్కడి నవ్వు. ‘నాకు భయమేసింది’ అన్న మాటను కవి కాకి చేత చెప్పించాడు. బషో గుర్రం చేసిన పనే ఇది.

ఒకే సంగతి, మూడు కవితలు

హైకూ, సెన్‌ర్యూ, ఉత్త చమత్కారాల తేడా నిర్వచనాలతో అంత సులువుగా పట్టుబడదు. అర్ధరాత్రి ఎండ అన్న ఒకే సంగతిని మూడు విధాలుగా రాసి చూద్దాం.

అర్ధరాత్రి కూడా ఎండేనా!
ఈ ఊళ్ళో
నిద్ర ఎవరికి పడుతుంది?

ఇది ఫిర్యాదు. పాదాలుగా విరిచిన వాక్యం. ఆశ్చర్యార్థకం, ప్రశ్నార్థకం రెండూ ఉన్నా పాఠకుడికి చేయడానికి పనేమీ మిగల్లేదు.

కిటికీకి వెండిరేకు
అంటించి పడుకున్నాను—
పక్కింట్లో గడ్డి కోత

ఇది సెన్‌ర్యూ. ఇద్దరు మనుషులు, వారి మధ్య ఒక వెలుగు. ఒకరు దాన్ని రాత్రి అనుకుంటున్నారు, మరొకరు పగలు అనుకుంటున్నారు. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. ఎండ అన్న మాట ఎక్కడా లేకపోయినా ఎండ కవితంతా ఉంది.

అర్ధరాత్రి ఎండ—
కూయబోయి ఆగిన
కోడిపుంజు

ఇది హైకూకు మరింత దగ్గర. ఋతుపదం ఉంది, తెంపు ఉంది, కంటికి కనిపించే ఒక్క క్షణం ఉంది. నవ్వు ఉంది కాని అది ఎవరి మీదా లేదు. కోడికి తెల్లవారడమంటే ఏమిటో అనుమానం వచ్చిందని కవి చెప్పలేదు, మనం చెప్పుకుంటాం. మూడింటిలో రెండోది ఎక్కువ నవ్విస్తుందని, మూడోది ఎక్కువ కాలం గుర్తుంటుందని నా అంచనా. అందువల్ల మూడోదే గొప్పదని తీర్పు చెప్పలేం. సెన్‌ర్యూ తన పని తాను బాగా చేసినప్పుడు దాన్ని హైకూ చేయాలని ప్రయత్నించడం దాన్ని చెడగొట్టడమే. కింది కవితలో కుక్కబండి తోలే మనిషి అవస్థ పూర్తిగా సెన్‌ర్యూదే. స్లెడ్జి లాగే కుక్కల పాదాలకు మంచు కోసుకోకుండా గుడ్డ జోళ్ళు తొడుగుతారన్న ఒక్క విషయం తెలిస్తే చాలు.

పదహారు కాళ్ళకు
జోళ్ళు తొడిగి చూస్తే
నావి కనబడవు

ఎవరు నవ్వుతున్నారు, ఎవరిని చూసి?

హాస్య హైకూల మీద వచ్చే మరో అభ్యంతరం ప్రక్రియ గురించి కాదు, మర్యాద గురించి. నాలుగు రోజులు తిరిగి వచ్చినవారు చలి మీద, దోమల మీద, స్థానికుల అలవాట్ల మీద జోకులు రాయడం ఎంతవరకు న్యాయం? అలాస్కా, యూకాన్‌లలో ఈ తేడాకు పాత మాటలే ఉన్నాయి. కొత్తగా వచ్చినవాణ్ణి చీచాకో అంటారు. చలికాలం మొత్తం గడిపి నిలిచినవాణ్ణి సౌర్‌డో అంటారు. యూకాన్‌లోని వైట్‌హార్స్‌లో బ్యాంకు గుమాస్తాగా పనిచేసిన రాబర్ట్ సర్వీస్ 1907లో ప్రచురించిన పద్యాలతో ఆ చలిహాస్యాన్ని ఇంగ్లీషు పాఠకలోకమంతటికీ పరిచయం చేశాడు. ఉత్తరాన్ని నవ్వుతో చెప్పే ఆ ఒరవడికి అప్పటి నుంచీ ఆదరణ ఉంది. ఆ పద్యాల్లో ఉన్నది ఎక్కువగా బంగారం కోసం వెళ్ళిన బయటివారి ఉత్తరమే.

అక్కడ వేల ఏళ్ళుగా ఉంటున్నవారికి తమ హాస్యం తమకుంది. గ్రీన్‌లాండ్ ఇన్యుయిట్‌లలో ఇద్దరి మధ్య తగవు వస్తే, జనం ముందు డోలు పట్టుకుని ఒకరినొకరు ఎగతాళి చేస్తూ పాటలు పాడి తేల్చుకునే ఆచారం ఉండేది; జనం నవ్వు ఎవరి వైపు మొగ్గితే వారిదే పైచేయి. ఫిన్లాండ్ ఉత్తరాన దూరాన్ని పోరోన్‌కుసెమాలలో చెప్పేవారు: రెయిన్‌డీర్ మూత్రానికి ఆగకుండా నడవగలిగే దూరం, సుమారు ఏడున్నర కిలోమీటర్లు. బషో తలాపున నిలిచిన గుర్రాన్ని తలచుకుంటే, ప్రయాణాన్ని జంతువు అవసరంతో కొలవడం ఉత్తరాదివారికి కొత్త కాదనిపిస్తుంది. ఇక ఉత్తర ఐరోపా మూలవాసులైన సామీ ప్రజలు సంవత్సరాన్ని ఎనిమిది ఋతువులుగా చూస్తారు. చలికాలానికీ వసంతానికీ మధ్య ఒకటి, వసంతానికీ వేసవికీ మధ్య ఒకటి, ఇలా రెయిన్‌డీర్ మందల కదలికలకు తగినట్టు సంధికాలాలకు కూడా పేర్లున్నాయి. హైకూ కవికి నాలుగు ఋతువులే ఉన్నచోట వారికి ఎనిమిది ఉన్నాయి.

దీనివల్ల బయటివాడు రాయకూడదని తేలదు. బషో కూడా ఆ కొండవాసుల ఇంట్లో బయటివాడే. తేడా ఎక్కడుందంటే, ఆయన పద్యంలో నవ్వులపాలైనవాడు ఇంటివాడు కాదు, అతిథి. చీచాకో రాసే కవితలో చీచాకోనే ఇబ్బందిలో ఉంటే స్థానికులు కూడా కలిసి నవ్వగలరు. అక్కడి ఇంటిని, తిండిని వింతగా చూపిస్తే, కొలత ఎంత సరిగా కుదిరినా ఆ కవిత ఆ ఊళ్ళో చదవడానికి పనికిరాదు.

పదిహేడును తెలుగులో ఎలా లెక్కపెట్టాలి

జపానువారు లెక్కపెట్టేది అక్షరాలను కాదు, మన ఛందస్సులోని మాత్రల వంటి కాల పరిమాణాలను. టోక్యో అన్న పేరులో రెండు దీర్ఘాలు కనుక వారికి నాలుగు మాత్రలు. మనకూ రెండు గురువులు, నాలుగు మాత్రలే. నిప్పొన్ అన్న మాటలో ఒత్తుకొకటి, చివరి నకారానికొకటి చేర్చి వారు నాలుగంటారు. మన లెక్కలోనూ ఒత్తుకు ముందున్న ‘ని’ గురువు, పొల్లుతో ముగిసే ‘ప్పొన్’ గురువు, మొత్తం నాలుగే. కాబట్టి 5-7-5ను అక్షరాలతో లెక్కించే ఇంగ్లీషు పద్ధతి కన్నా మన లఘుగురువుల పద్ధతి జపాను మూలానికి దగ్గర.

అయితే 17 మాత్రలంటే ఎంత? కందపద్యంలో మొదటి రెండు పాదాలకే 32 మాత్రలుంటాయి. అందులో సగానికి ఒక్క మాత్ర ఎక్కువ. విభక్తులు, క్రియాంతాలు మాటకు అతుక్కునే మన భాషలో అది చాలా ఇరుకు. అందుకే తెలుగు హైకూలు చాలావరకు లెక్కను వదిలి మూడు చిన్న పాదాల రూపాన్ని మాత్రం నిలుపుకున్నాయి. ఇస్మాయిల్ వంటి కవి చేపట్టడంతో ఆ రూపం మన పాఠకులకు అలవాటైంది. ఎన్. గోపి రూపొందించిన నానీలు నాలుగు పాదాలతో 20 నుంచి 25 అక్షరాల మధ్య ఉంటాయి కనుక వాటికి ఇంతకన్నా చోటు ఎక్కువ. ఇరుకులోనే రాయాలనుకుంటే ఇలా కుదురుతుంది:

చలి రాత్రి—
కారుకు తాడు,
కుక్కకూ

‘చలి రాత్రి’లో రెండు లఘువులు, ఒక గురువు, ఒక లఘువు: 5. ‘కారుకు’లో నాలుగు, ‘తాడు’లో మూడు: 7. ‘కుక్కకూ’లో ఒత్తుకు ముందున్న గురువుకు రెండు, లఘువుకు ఒకటి, చివరి దీర్ఘానికి రెండు: 5. కొలత సరిపోయింది. కాని విజయవాడలోనో, వరంగల్‌లోనో ఉన్న పాఠకుడికి కారుకు తాడెందుకో తెలియదు. పైన ఇంజను వేడిచేసే తాడు గురించి చదవకపోయి ఉంటే, చెడిపోయిన బండిని లాగే తాడనుకుంటాడు.

ఈ చిక్కును బషో హైబున్ అనే పద్ధతితో పరిష్కరించాడు. ఉత్తర యాత్రాగ్రంథమంతా అదే పద్ధతి: కొద్దిపాటి వచనం, దాని చివర పద్యం. గాలివాన, కాపలాదారు ఇల్లు, మూడు రోజుల నిర్బంధం వచనంలో ముందే వచ్చేశాయి కనుకనే పద్యంలో పురుగులకు, గుర్రానికి చోటు దొరికింది. దూరదేశపు హాస్యాన్ని తెలుగులోకి తెచ్చేవారికి ఇది పాదసూచికల కన్నా మేలైన దారి. పాదసూచిక నవ్వు తర్వాత వస్తుంది, అప్పటికి ఆలస్యమవుతుంది. హైబున్‌లో వివరణ ముందుంటుంది. పైన ఉన్న మూడు పాదాలకు ముందు ‘ఇక్కడ చలికాలంలో ఇంజను గడ్డకట్టకుండా రాత్రంతా కారును కరెంటు తాడుకు తగిలించి ఉంచుతారు, దాని పక్కనే బండి లాగే కుక్కలను కొయ్యలకు కట్టేస్తారు’ అన్న ఒక్క వాక్యం రాస్తే, పద్యంలో ఒక్క మాత్ర కూడా పెంచనవసరం లేదు.